ముసలి పిల్లికి షుగర్: ఇంట్లో నిశ్చింతగా చూసుకునే పద్ధతి

మీ పిల్లికి పన్నెండో పదమూడో ఏళ్ళు నిండాయి. ఈ మధ్య గిన్నెడు నీళ్ళు తాగి, మూతి నాక్కుని, మళ్ళీ గిన్నె దగ్గరికే వస్తోంది. ఇసుక డబ్బాలో ఉండలు గుప్పెడంత అవుతున్నాయి. ఎంత పెట్టినా తినేస్తోంది, వీపు నిమిరితే మాత్రం ఎముకలు చేతికి తగులుతున్నాయి. డాక్టరుగారు రక్తమూ మూత్రమూ పరీక్ష చేయించి షుగరని తేల్చారు. ఇకమీదట రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో, ఇన్సులిన్ సూది వెయ్యాలన్నారు. నిమిషం పని అని కూడా అన్నారు. అప్పటినుంచీ మీకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి, ఆదివారం కూడానా!

కంగారు పడకండి. షుగర్ పిల్లి ఉన్న ఇంట్లోనూ మనిషి కాలు మీద కాలేసుకుని బతకొచ్చు. వైద్యం చేస్తున్నట్టు కనిపించడం నేర్చుకుంటే చాలు, మిగతాది జబ్బే చూసుకుంటుంది. మీ పొద్దుటి నిద్ర చాలా విలువైనది. దాన్ని కాపాడాలన్న తపనతోనే ఇదంతా చెబుతున్నాను.

1. “వయసు” అనే మాటను ముందుగా ఇంట్లో అలవాటు చెయ్యండి. నీళ్ళు ఎక్కువ తాగుతోందా? వయసు. చిక్కిపోయిందా? వయసు. సోఫా ఎక్కలేకపోతోందా? వయసే మరి. షుగర్ అదుపు తప్పిన పిల్లికి వెనక కాళ్ళ నరాలు దెబ్బతింటాయి. మునివేళ్ళ మీద నడవాల్సిన జంతువు మడమలు నేలకు ఆనించి ఈడ్చుకుంటూ నడుస్తుంది. డాక్టర్లు ఈ నడకను గుమ్మంలోనే గుర్తుపడతారు. షుగర్ అదుపులోకి వస్తే చాలా పిల్లుల్లో నడక మళ్ళీ బాగుపడుతుందని కూడా చెబుతారు. అందుకే ఎవరూ నోరెత్తకముందే “మా తాతగారూ చివర్లో ఇలాగే నడిచేవారు” అనెయ్యండి. పోయిన పెద్దాయన పేరు వచ్చాక ఇంట్లో ఇక ఎవరూ ఎదురు మాట్లాడరు.

2. మొదలుపెట్టడం వాయిదా వెయ్యండి. పిల్లుల షుగర్‌లో ఒక చిక్కుంది. తొలి నెలల్లోనే ఇన్సులిన్, సరైన తిండి పద్ధతిగా అందితే, కొన్ని పిల్లులకు ఆ తర్వాత ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ నెలలన్నీ లేచి సూది పట్టాల్సింది మీరు. కాబట్టి ఆ మంచికాలాన్ని మెల్లగా దాటించెయ్యండి. ఆషాఢం అనండి. మూఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదనండి. తర్వాత పిల్లల పరీక్షలు. “దీపావళి వెళ్ళాక గట్టిగా పట్టుకుందాం” అన్న మాటలో ఎంత నిబ్బరం ఉందో ఒకసారి పైకి అని చూడండి.

3. సిరంజి ఎంపిక మందుల షాపుకే వదిలెయ్యండి. అన్నిటిలోకీ నాకు బాగా నచ్చిన చిట్కా ఇది. ఏ శ్రమా లేకుండా, ఒక్క అబద్ధమూ ఆడకుండా పని జరిగిపోతుంది. మన దగ్గర ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. దేని సిరంజి దానికే. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. పిల్లులకు తరచుగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ మామూలుగా 100 రకం. మీరు కౌంటరు దగ్గర సీసా చూపించకండి, చీటీ తియ్యకండి. “ఇన్సులిన్ సూదులు ఓ పది ఇవ్వండి” అని ఫోను చూసుకుంటూ నిలబడండి. కుర్రాడు ఎర్రమూతవి ఇచ్చాడనుకోండి, దాంట్లో ఒక యూనిట్ గీత దాకా 100 రకం మందు లాగితే లోపలికి వెళ్ళేది రెండున్నర యూనిట్లు. నాలుగైదు కిలోల ప్రాణి అది. డాక్టర్లు దానికి చాలాసార్లు ఒక్క యూనిట్‌తోనే మొదలుపెడతారు. తిరగేసి జరిగినా, అంటే 40 రకం మందుకు నారింజమూత వచ్చినా, బాగానే ఉంటుంది: యూనిట్ వేశామనుకున్న చోట అందులో సగం కూడా పడదు. ఎటు జరిగినా మీరు డాక్టరు చెప్పిన గీత దాకానే లాగారు. దేవుడి పటం ముందు నిలబడి ప్రమాణం చెయ్యొచ్చు.

4. సూది బొచ్చుకు వెయ్యండి. ఇన్సులిన్ సూది చాలా సన్నం. పిల్లి తింటుండగా, పక్కన వదులుగా ఉన్న చర్మాన్ని వేళ్ళతో పైకెత్తి వేస్తే చాలా పిల్లులు గిన్నెలోంచి తల కూడా ఎత్తవు. ఇంత సులభమని ఇంట్లో తెలిస్తే జీవితాంతం మీకే అంటగడతారు. కాబట్టి చర్మాన్ని కాకుండా బొచ్చును పట్టుకోండి. ఇటునుంచి దూర్చి అటు తేల్చి, మందంతా బొచ్చులోకి నొక్కండి. ఇన్సులిన్‌లో నిల్వకోసం కలిపే క్రెసాల్‌కు ఘాటైన ఆసుపత్రి వాసన ఉంటుంది. తెలిసినవాళ్ళు ఆ వాసన చూసి మందు బయటే పోయిందని పట్టేస్తారు. తెలియనివాళ్ళు మందు చక్కగా పడిందనుకుంటారు. మన ఇళ్ళల్లో తెలియనివాళ్ళే ఎక్కువ.

పిల్లి చెయ్యి గీరితే ఆ గీతలు మాత్రం కడుక్కోకండి. రెండు రోజులు అందరికీ చూపించండి. మూడో రోజు మీ వంతు ఇంకొకరు తీసుకుంటారు.

5. మందును ఫ్రీజర్‌లో పెట్టండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య, గడ్డకట్టకుండా ఉంచాలని డబ్బా మీదే రాసుంటుంది. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూపుకు మామూలుగానే ఉండొచ్చు, పనిచేస్తుందన్న నమ్మకం మాత్రం పోతుంది. వేసవిలో కర్నూలు, రామగుండం వైపు ఉన్నవాళ్ళకు ఈ శ్రమ కూడా లేదు. వంటగట్టు మీద వదిలేస్తే చాలు.

6. సూది బాధ్యత ఇద్దరికి అప్పగించండి. ఒక్కరి పనైతే ఎగ్గొట్టినప్పుడు దొరికిపోతారు. ఇద్దరి పనైతే ఎవరూ దొరకరు. ఇంట్లో కాలెండరు మీద టిక్కు పెట్టే మనిషి ఎవరైనా ఉంటే ముందు ఆ పెన్ను దాచెయ్యండి. ఆ తర్వాత సంభాషణ దానంతటదే నడుస్తుంది.

“ఏమండీ, పిల్లికి వేశారా?”

“నువ్వు వేశావనుకున్నానే!”

“మీరే వేశారేమోనని నేను ఊరుకున్నాను.”

ఒక పూట గడిచింది. ఎవరి మీదా నింద లేదు, ఎవరికీ కోపం లేదు. వేశామో లేదో అనుమానంగా ఉంటే మళ్ళీ వెయ్యొద్దని, ఎక్కువ పడటంకన్నా ఒక పూట తప్పడమే నయమని డాక్టర్లు చెబుతారు. మనకు ఇంతకన్నా ఏం కావాలి? రోజూ అనుమానపడండి. పూట విడిచి పూట అనుమానపడితే సీసా రెండింతలు వస్తుంది. ఇంట్లో మరీ మనసున్న మనిషి ఉంటే, అత్తగారో పెద్దమ్మాయో, మీరు వేసిన పావుగంటకు వాళ్ళూ వెళ్ళి ఇంకోటి వేస్తారు. ఆపకండి. ఆ ప్రేమకు అడ్డుపడటానికి మనమెవరం?

7. పిల్లి తూలితే వీడియో తియ్యండి. ఇన్సులిన్ ఎక్కువై షుగర్ మరీ పడిపోతే పిల్లి చతికిలబడుతుంది, తాగినట్టు నడుస్తుంది, పిలిస్తే పలక్కుండా గోడకేసి చూస్తుంది. ఆపైన మూర్ఛ. తినగలిగితే వెంటనే తినిపించమని, లేకపోతే చిగుళ్ళకు తేనె రాసి అప్పటికప్పుడు తీసుకురమ్మని డాక్టర్లు అంటారు. తేనె జిగురు. అది సోఫాకు అంటుకుంటే ఉతికేదెవరు? ఫోను తీసి, వెనక ఒక హుషారు పాట పెట్టి, “మా బంగారం స్టెప్పులు” అని కుటుంబం గ్రూపులో పంపండి. బావగారు నవ్వే బొమ్మలు పెడతారు. పిన్నిగారు దిష్టి తియ్యమంటారు. ఎవరో ఒకరు మాత్రం “అది ఫిట్స్‌లా ఉంది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి” అని రాస్తారు. ఆ ఒక్కరినీ గ్రూపులోంచి తీసెయ్యండి.

8. తిండి గిన్నె వారానికొకసారి నింపండి. పిల్లి పుట్టుకతోనే మాంసం మీద బతికే జంతువు. షుగర్ వచ్చినదానికి మాంసకృత్తులు ఎక్కువ, పిండిపదార్థం బాగా తక్కువ ఉన్న తడితిండి మేలంటారు. ప్యాకెట్లలో వచ్చే పొడి గుళికల్లో మామూలుగా పిండిపదార్థం ఎక్కువే. అయినా గుళికల్లో ఉన్న సుఖం ఇంకెందులో ఉంది? ఆదివారం పొద్దున గిన్నె పొంగేలా పోస్తే శనివారం దాకా ఆ వైపు చూడనక్కర్లేదు. ఎప్పుడు తిన్నదో, ఎంత తిన్నదో, అసలు తిన్నదో లేదో తెలియదు కాబట్టి డాక్టరు అడిగినా మీరు తప్పు చెప్పే అవకాశమే లేదు.

గుళికలు అయిపోతే పాలన్నం. అన్నమంతా పిండిపదార్థమే కదా, పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు కదా అని ఎవరైనా అంటే “మా అమ్మమ్మగారింట్లో పిల్లులన్నీ పాలన్నమే తినేవి” అనండి. ఆ పిల్లులు రాత్రంతా గాదె చుట్టూ ఎలకల్ని వేటాడి కడుపు నింపుకునేవని, ఏ పిల్లి ఎన్నేళ్ళు బతికిందో ఎవరూ రాసిపెట్టలేదని గుర్తుచేసే రకాలుంటారు. కాఫీ ఇచ్చి మాట మార్చండి.

చదువుకున్నవాళ్ళు వస్తే మీరూ శాస్త్రమే మాట్లాడండి. పిల్లులకు తీపి రుచి తెలియదు. తీపిని పట్టే జన్యువు వాటిలో పనిచెయ్యడం లేదని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. “తీపే తెలియనిదానికి తీపి జబ్బేమిటండీ?” అని అడిగి, వాళ్ళ ముందే గిన్నెలో సేమ్యా పాయసం పొయ్యండి. నాలుకకు అందని సంగతి రక్తానికి ఎవరు మోసుకెళతారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కనీసం పావుగంట పడుతుంది, అంతసేపు ఎవరికీ ఓపిక ఉండదు.

చుట్టాలు చెప్పే కాకరరసం, మెంతుల పొడి, నేరేడు గింజల చూర్ణం కూడా వదలకండి. పిల్లి తాగదు. అది తాగలేదన్న దిగులు పైకి కనిపిస్తే, సూది వెయ్యలేదన్న సంగతి ఎవరికీ గుర్తురాదు.

9. ఏకాదశికి ఉపవాసం ఉంచండి. లావు పిల్లి కొద్దిరోజులు తిండి లేకుండా ఉంటే ఒంట్లోని కొవ్వు కాలేయంలో చేరి అది పనిచెయ్యడం మానేస్తుంది. చెవుల లోపల, చిగుళ్ళ మీద పసుపు రంగు తేలుతుంది. పసుపు మన ఇళ్ళల్లో శుభమే కదా.

10. నీళ్ళ గిన్నె ఫ్రిజ్ మీద పెట్టండి. డాక్టర్ల లెక్క ఇలా ఉంటుంది: రక్తంలో షుగర్ ఒక హద్దు దాటాక మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి, దాంతోపాటు నీళ్ళూ పోతాయి, పోయిన నీళ్ళ కోసమే ఆ దాహం. మీరు లెక్క తిరగెయ్యండి. తాగబట్టే కదా పోస్తోంది! గిన్నె తీసేస్తే ఇసుక డబ్బా పొడిగా ఉంటుంది, ఇసుక ఖర్చు కలిసొస్తుంది. భుజాల మధ్య చర్మం పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకోకుండా అలాగే నిలబడితే మీ పద్ధతి పనిచేస్తోందన్నమాట.

తీపి మూత్రానికి డబ్బా దగ్గర చీమలు చేరతాయి. చీమలు పట్టాయంటే షుగరని మన ముసలమ్మలు ఏ పరీక్షా లేకుండానే చెప్పేవారు, కాబట్టి పెద్దవాళ్ళు ఎవరూ అటు రాకముందే చీమల సుద్దముక్కతో డబ్బా చుట్టూ మందంగా గీత గియ్యండి. అందులో వాడే పైరెత్రాయిడ్ మందుల్ని పిల్లి శరీరం తేలిగ్గా వదిలించుకోలేదు. గీత తొక్కి పాదాలు నాక్కుంటే లోపలికి పోతాయి. చీమలు మాత్రం ఒక్కటీ రావు.

11. షుగర్ పుస్తకం అందంగా రాయండి. ఇది శ్రద్ధగా వినండి, మీ పరువంతా ఇందులోనే ఉంది. ఇంట్లో షుగర్ చూడాలంటే చెవి అంచున చిన్నగా గుచ్చి, ఒక చుక్క రక్తం స్ట్రిప్‌కు తాకించాలి. మనుషుల మీటరు పిల్లి రక్తంలో తరచూ అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. జంతువుల కోసం సరిచేసిన మీటర్లు వేరే ఉన్నాయి. ఏదైనా మీకెందుకు? శనివారం రాత్రి టీవీ ముందు కూర్చుని వారం అంకెలూ ఒక్కసారే వెయ్యండి. అన్నీ 120, 130 అని గుండ్రంగా వేస్తే దొరికిపోతారు. 137, 212, 164 ఇలా నడిపించండి. మధ్యలో ఒక 291 పడాలి. దాని పక్కన “ఈ రోజు కొంచెం డల్‌గా ఉంది” అని రాయండి. ఆ ఒక్క ముక్కకు డాక్టరు కరిగిపోతారు. పెన్నులు మారుస్తుండండి. ఒక పేజీ మీద కాఫీ మరక ఉంటే మంచిది.

ఆసుపత్రిలో తీస్తే 400 వచ్చిందా? తొణక్కండి. బుట్టలో పెట్టి, ఆటోలో కుదిపి, కుక్కల మధ్య కూర్చోబెట్టిన పిల్లికి భయంతో షుగర్ నిజంగానే పెరుగుతుంది. వైద్య పుస్తకాల్లో ఉన్న సంగతే. మన పనికోసమే పుట్టిన సాకు. “దారిలో పెద్ద కుక్కను చూసిందండీ” అనండి. ఒక్క ప్రమాదం మాత్రం ఉంది. ఫ్రక్టోసమిన్ అనే రక్తపరీక్ష గడిచిన రెండు మూడు వారాల్లో షుగర్ మొత్తం మీద ఎలా ఉందో చెప్పేస్తుంది. అది ఆ పూట భయానికి లొంగదు, మీ పుస్తకం దాని ముందు నిలబడదు. ఆ పేరు వినగానే పిల్లిని గుండెలకు హత్తుకుని “ఇవాళ బాగా అలిసిపోయిందండీ, వచ్చేసారి తీద్దాం” అంటూ లేచిపొండి. ఒంటికి అతికించి రోజుల తరబడి షుగర్ చూసే సెన్సర్ ఉందని చెబితే అదీ వద్దనండి. దానికి కాఫీ మరకలు వెయ్యలేరు.

12. వెయ్యని సూదిని కూడా వాడుకోండి. ఆడపడుచుగారి గృహప్రవేశమా? “సరిగ్గా ఏడింటికి ఇన్సులిన్ వదినా, రాలేకపోతున్నాం.” అపార్ట్‌మెంట్ మీటింగా? ఏడింటికే కదా. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, రాజమండ్రికి తీసుకెళ్ళమని ఇంటిల్లిపాదీ మిమ్మల్నే పట్టుకుంటారు. అప్పటికి పిల్లి ఉంటే ఈ ఒక్క మాటతో ఒడ్డున పడతారు. “పిల్లికి ఇంత చేస్తున్నారంటే ఎంత జాలిగుండో” అని ఊళ్ళో పేరు కూడా వస్తుంది.

మీకు ఇష్టమైన ప్రయాణానికి మాత్రం అది అడ్డురాకూడదు. సంక్రాంతికి కోనసీమ వెళ్ళేటప్పుడు తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి “కాస్త గుళికలు పొయ్యి బాబూ” అని మాత్రమే చెప్పండి. సూది సంగతి ఎత్తితే భయపడి తాళాలు తిరిగి ఇచ్చేస్తాడు.

13. చివరి దశలో తొందరపడకండి. పైన చెప్పినవన్నీ శ్రద్ధగా పాటిస్తే ఒక రోజు పిల్లి గిన్నె వాసన చూసి పక్కకు తిరుగుతుంది. వాంతులు మొదలవుతాయి. ఇన్సులిన్ అందక, చక్కెరను వాడుకోలేక, ఒళ్ళు తన కొవ్వునే కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. నోటి దగ్గర గోళ్ళరంగు తుడిచే మందు వాసన రావొచ్చు. ఇది గంటల మీద చూడాల్సిన ప్రమాదమని, ఆసుపత్రిలో ఉంచి సెలైను, పొటాషియం ఎక్కిస్తూ పదేపదే రక్తం చూస్తూ ఇన్సులిన్ ఇవ్వాలని, అలా సమయానికి చేరిన పిల్లులు చాలానే బతుకుతాయని డాక్టర్లు చెబుతారు. మీరు ఇన్నాళ్ళూ పడ్డ శ్రమ అక్కడ వృథా అయిపోతుంది. హైదరాబాద్‌లో ఉంటే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దూరమనండి, తిరుపతిలో ఉంటే అక్కడి వెటర్నరీ కాలేజీలో రద్దీ అనండి. ఆసుపత్రి మీ వీధి చివరే ఉంటే “ఈ రాత్రి వేళ ఎవరుంటారు, తెల్లారనివ్వండి” అనండి. తెల్లారాక ఆదివారం అవుతుంది. ఆదివారం తర్వాత సోమవారం ఆఫీసు.

అంతా అయ్యాక పరామర్శకు వచ్చినవాళ్ళకు “మేం చెయ్యగలిగిందంతా చేశాం” అని చెప్పండి. మిగిలిన ఎర్రమూత సిరంజీలు విప్పనివి ఉంటే బిల్లు పట్టుకెళ్ళి మందుల షాపులో అడిగి చూడండి, వెనక్కి తీసుకుంటే తీసుకుంటారు. షుగర్ పుస్తకం మాత్రం పారెయ్యకండి. మీ అమ్మాయి అప్పుడే మెట్ల కింద నుంచి ఇంకో కూనను ఎత్తుకొచ్చి ఉంటుంది. ఆ అంకెలన్నీ దానికీ పనికొస్తాయి, తారీఖులు దిద్దుకుంటే చాలు.